రెండు వందల మాటల్లో

"మీరు ఈ కోర్సు ఎందుకు చేయదలచారు?
రెండు వందల మాటలకు మించరాదు."
కింద గీతలు పదకొండు.
రాజ్ విహార్ కాడ జిరాక్సు కొట్టులో
నాలుగు కాపీలు తీయించినా,
మూడు అప్పుడే చించినా.

పేరు: యం. దస్తగిరమ్మ. వయసు: ముప్పై నాలుగు.
ఇంతవరకు కష్టం లేదు.

మొదటి దాంట్లో సేవాభావం అని రాసినా.
ఎనిమిదేండ్లుగా పెద్దాసుపత్రి ఐసీయూలో
నైట్ డ్యూటీ దిగి, ఆటోలో నిద్రపోయి,
దిగాల్సిన చోటు దాటి
నంద్యాల చెక్‌పోస్టు కాడ కండ్లు తెరిచినదాన్ని.
సేవాభావమంట!
రెండో దాంట్లో జీతం సంగతి రాసినా.
సలోమి సిస్టర్ చదివి, నిజమే గానీ
నిజం గట్టిగా రాయొద్దే అనింది.
"మత్తు పెట్టే చదువా?" అని మా ఆయన,
పంక్చర్ ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తా,
"నన్ను నిద్రపుచ్చేకి నీకు చదువేంటికి" అన్నాడు.

మూడో దాంట్లో ఉరుకుందమ్మ వచ్చింది.
రానీయకుండా ఉండాల్సింది.
గీతలు దాటి, అంచులు దాటి,
వెనక పేజీకి పోయింది ఆ మనిషి.

పత్తికొండ పక్కన పల్లె.
బుడ్డల కుప్పకు కావలి పండుకున్న రాత్రి
కట్లపాము. నొప్పి లేదు, గాటు కనపడలేదు.
తెల్లారేసరికి రెప్పలు వాలినాయి,
పొద్దెక్కేసరికి మాట పోయింది,
మాపటికి ఊపిరి.
గొంతులో గొట్టం, పక్కన మిషను.
గిల్లితే కదల్లేదు, పిలిస్తే పలకలేదు.
స్పృహ లేదని కేస్ షీట్లో ఎవరో రాసినారు.

నేను సక్షన్ స్విచ్ వేసినా. అంతే,
ఇంకా ముట్టుకోనే లేదు,
మానిటర్లో ఎనభై రెండు నూట పద్దెనిమిది అయింది.
ఆపితే దిగింది. వేస్తే ఎగిరింది.
నా చేతులు చల్లబడినాయి.
ఈమె వింటాంది.

"సార్, మత్తు కొంచెం పెట్టాల. ఈమెకు అన్నీ తెలుస్తాండాయి."
"నీకెట్ల తెలుసు?"
ఎట్ల తెలుసో నాకు తెలుసు.
చెప్పేకి చదువు లేదు, అంతే.
మధ్యాహ్నం థియేటర్ నుంచి మత్తు డాక్టరమ్మ వచ్చి,
అంకె చూసి, ఏమీ అడక్కుండా పంపు తిప్పింది.
ఎంత తిప్పిందో చూసినా. ఎందుకంతో అడగలేకపోయినా.

ఆ రాత్రి నుంచి చెవి కాడ వంగి చెప్పేదాన్ని:
అత్తా, ఈ పొద్దు మంగళారం. టైము నాలుగు.
నీ కొడుకు బయట వరండాలో పండుకున్నాడు.
కఫం తీస్తాండా, దగ్గొస్తాది,
పది లెక్కబెట్టుకో, అయిపోతాది.

తొమ్మిదో నాడు ఎడమ రెప్ప వెంట్రుకంత లేసింది.
పన్నెండో నాడు గొట్టం తీసినారు.
గొంతు గరగరమంటా మొదట అడిగింది:
"ఎర్రగడ్డ రేటు పడిందని
ఆ పిల్ల డాక్టరు ఫోన్లో అంటాండె. లేసిందా?"
తరువాత, "బిర్యానీ పొట్లం ఎవురో ఇప్పినారు ఒగ రాత్రి.
నోట్లో నీళ్లూరె. మింగేకి దావ లేదు."

నా చెయ్యి పట్టుకుంది. మెచ్చుకుంటాదనుకున్నా.
"పది అంటివే గానీ పాపా,
ఒక్కోసారి పన్నెండు దంకా పట్టె.
ఆ పదకొండు, పన్నెండు కాడ
ఎవురూ లేకపాయె."

నాలుగో కాపీ ఇది, ఆఖరిది.
సూపరింటెండెంటు గది బయట బెంచీ మీద
తొడ మీద పెట్టుకుని రాస్తాండా.
సారు భోజనానికి పోయినాడు, అటెండరు రెండన్నరంటాడు.
గడువు శుక్రవారం, డీడీ ఇంకా తీయలేదు.

రాసింది ఇంతే:
పది అని చెప్పి పన్నెండు చేసినాను.
ఆ రెండు నేర్చుకునేదానికి.

మిగిలిన గీతలు తొమ్మిది.
ఏమైనా రాయాల్నేమో.
లోపల వార్డులో ఎవరిదో పంపు మోగుతాంది,
డ్యూటీలో ఉన్న పాప లేసిందో లేదో,
లెక్కబెడతాండా.